తలకు తగిలే దెబ్బ ఎన్నేళ్లు వెంటాడుతుంది? అమెరికన్ ఫుట్‌బాల్, కంకషన్, మెదడు ఆరోగ్యం

అమెరికాలో స్కూళ్లు తెరిచే సీజన్‌లో ఆటల్లో పేరు నమోదు చేసుకున్న పిల్లల ఇళ్లకు ఒక ఫారం వస్తుంది. తలకు దెబ్బ తగిలితే ఏమవుతుందో, అప్పుడు ఏం చేయాలో అందులో ఉంటుంది. 'చదివాను, అర్థమైంది' అంటూ తల్లిదండ్రులు కింద సంతకం పెట్టాలి. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ ఫారం పరిచయమే. చాలామంది మిగతా కాగితాలతో పాటు దాని మీదా సంతకం చేసి పంపేస్తారు.

ఆ ఒక్క పేజీ వెనక చాలా కథ ఉంది. ఆటగాళ్ల మరణాలు, వేలమంది వేసిన కేసులు, 100 కోట్ల డాలర్లు దాటిన పరిహారం ఉన్నాయి. అసలు కంకషన్ అంటే ఏమిటి? అది దీర్ఘకాలంలో మెదడును ఎలా దెబ్బతీస్తుంది? పరిహారం ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు? స్కూలు పిల్లల విషయంలో చట్టం ఏం చెబుతోంది?

ఇది ఏ ఫుట్‌బాల్?

మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు, భుజాలకు ప్యాడ్లు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. బంతి ఉన్న ఆటగాడిని ఢీకొట్టి కింద పడేయడాన్ని 'ట్యాకిల్' అంటారు. అంటే ఢీకొట్టడం ఇక్కడ పొరపాటున జరిగేది కాదు, ఆటలో భాగమే. ఈ ఆటకు అత్యున్నత వృత్తిపరమైన లీగ్ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, పొట్టిగా ఎన్‌ఎఫ్‌ఎల్.

కంకషన్ అంటే ఏమిటి?

తలకు గానీ, తల గట్టిగా ఊగేలా ఒంటికి గానీ దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. ఆ కుదుపుకు నాడీకణాల పొడవాటి తీగలు సాగి, మెలితిరుగుతాయి. కణాల్లోని రసాయనాల సమతౌల్యం తప్పుతుంది. కొంతసేపో, కొన్నాళ్లో మెదడు పని మందగిస్తుంది. ఇదే కంకషన్.

దీని గురించి రెండు అపోహలు ఎక్కువ. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం మొదటిది. నిజానికి ఎక్కువ కేసుల్లో స్పృహ తప్పదు. తలనొప్పి, తల తిరగడం, చూపు మసకబారడం, వికారం, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం, ఇప్పుడే జరిగింది గుర్తులేకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. కొన్ని గంటలు గడిచాకే బయటపడేవీ ఉంటాయి.

స్కాన్ మామూలుగా ఉంటే ఏమీ కానట్టే అనుకోవడం రెండోది. సీటీ స్కాన్ తీసేది ప్రధానంగా రక్తస్రావం, ఎముక విరగడం వంటివి లేవని నిర్ధారించుకోవడానికి. కంకషన్‌లో జరిగే మార్పులు సాధారణ సీటీ, ఎంఆర్‌ఐలలో చాలావరకు కనిపించవు.

హెల్మెట్ కాపాడదా?

పుర్రెను కాపాడుతుంది. ఎముక విరగకుండా అడ్డుకోవడంలో దాని మేలు ఎంతో ఉంది. కానీ పుర్రె లోపల మెదడు కదలకుండా ఆపలేదు. వేగంగా వెళ్తున్న బస్సుకు ఒక్కసారిగా బ్రేక్ వేస్తే నిలబడినవాళ్లు ముందుకు తూలుతారు. బస్సు గోడలు ఎంత గట్టివైనా ఆ తూలడం ఆగదు. లోపల మెదడుకు జరిగేదీ అలాంటిదే.

ఈ విషయం ఎప్పుడు బయటపడింది?

బాక్సర్లలో దీన్ని చాలాకాలం క్రితమే గుర్తించారు. తల మీద ఏళ్ల తరబడి గుద్దులు తిన్న బాక్సర్లు తాగినవాళ్లలా తూలడం, మాట తడబడటం గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశారు. ఫుట్‌బాల్ విషయంలో మాత్రం 2002 వరకు ఆగాల్సి వచ్చింది.

మైక్ వెబ్‌స్టర్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు నాలుగు సూపర్ బౌల్ విజయాలు అందించిన ఆటగాళ్లలో ఒకరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 17 సీజన్లు ఆడారు. ప్రతి ఆటలోనూ ఎదుటివారిని తలతో, భుజంతో ఢీకొట్టే 'సెంటర్' స్థానం ఆయనది. ఆట మానేశాక జ్ఞాపకశక్తి దెబ్బతింది, ప్రవర్తన మారింది. చేతిలో డబ్బు నిలవక కొన్నాళ్లు తన ట్రక్కులోనే గడిపారు. 2002 సెప్టెంబరులో 50 ఏళ్ల వయసులో చనిపోయారు.

పిట్స్‌బర్గ్‌లో ఆయన మెదడును పరీక్షించిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు. నైజీరియా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారు. పైకి మెదడు మామూలుగానే కనిపించింది. పలుచటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే, 50 ఏళ్ల మనిషిలో ఉండకూడని రీతిలో 'టౌ' అనే ప్రొటీన్ చిక్కులుపడి పేరుకుంది. 2005లో ఒమాలు బృందం ఈ సంగతిని వైద్య పత్రికలో ప్రచురించింది. ఎన్‌ఎఫ్‌ఎల్ వేసిన వైద్య కమిటీ సభ్యులు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టారు. అయితే వెబ్‌స్టర్ వైకల్యానికి ఆటలో తగిలిన దెబ్బలే కారణమని లీగ్ పింఛను బోర్డు 1999లోనే ఒప్పుకుని భత్యం మంజూరు చేసింది. ఆ విషయం చాలాకాలం బయటకు రాలేదు. ఫుట్‌బాల్‌కూ ఈ మెదడు జబ్బుకూ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు అంగీకరించింది 2016 మార్చిలో.

సీటీఈ అంటే?

వెబ్‌స్టర్ మెదడులో కనిపించిన జబ్బు పేరు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, పొట్టిగా సీటీఈ. పదేపదే దెబ్బలు తిన్న మెదడులో టౌ ప్రొటీన్ గతి తప్పి, మొదట మెదడు ముడతల లోతుల్లోని చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది. తర్వాత మిగతా భాగాలకు పాకుతుంది. ఆట మానేసినా అది ఆగకపోవచ్చు. అందుకే కొందరిలో ఆట మానేసిన ఏళ్లకో, దశాబ్దాలకో లక్షణాలు కనిపిస్తాయి.

ఆ లక్షణాల్లో ముఖ్యమైనవి మతిమరుపు, నిర్ణయాలు తీసుకోలేకపోవడం, చిన్న విషయానికే కోపం కట్టలు తెంచుకోవడం, కుంగుబాటు. ముదిరితే మతిభ్రంశం, అంటే డిమెన్షియా. అల్జీమర్స్, పార్కిన్సన్స్, ఏఎల్ఎస్ వంటి జబ్బుల ముప్పు కూడా ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఎక్కువే. 1959, 1988 మధ్య కనీసం ఐదు సీజన్లు ఆడిన 3,439 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లపై అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే వారిలో దాదాపు మూడు రెట్లు ఉందని తేలింది.

అసలు ఇబ్బంది ఏమిటంటే, సీటీఈని బతికుండగా కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. చనిపోయాక మెదడు కణజాలాన్ని పరీక్షిస్తేనే తెలుస్తుంది. షికాగో బేర్స్ మాజీ ఆటగాడు డేవ్ డ్యూర్సన్ 2011లో ప్రాణం తీసుకుంటూ, తన మెదడును పరిశోధనకు ఇవ్వాలని రాసిపెట్టారు. పరీక్షిస్తే సీటీఈ ఉన్నట్టు తేలింది. మరుసటి ఏడాది అలాగే చనిపోయిన జూనియర్ సావ్ మెదడులోనూ అదే కనిపించింది.

ఆడినవాళ్లందరికీ వస్తుందా?

రాదు. ఇక్కడ అంకెలను జాగ్రత్తగా చదవాలి.

బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో 202 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లపై ఫలితాలు ప్రచురించారు. 177 మందిలో సీటీఈ ఉంది. వీరిలో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన 111 మందిని తీసుకుంటే, 110 మందిలో ఉంది. 2023 నాటికి ఆ కేంద్రం పరీక్షించిన 376 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో 345 మందికి ఉన్నట్టు తేలింది.

'వందలో తొంభై మందికి వస్తుంది' అని దీన్ని చదివితే పొరపాటే. చనిపోయిన మనిషిలో ఏదో తేడా గమనించిన కుటుంబాలే ఎక్కువగా మెదడును దానం చేస్తాయి. కాబట్టి ఈ లెక్క ఆటగాళ్లందరికీ వర్తించదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. అదే యూనివర్సిటీ సాధారణ ప్రజలకు చెందిన 164 మెదళ్లను పరీక్షిస్తే ఒక్కదానిలోనే సీటీఈ కనిపించింది. ఆ ఒక్కరూ కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడిన వ్యక్తే.

వయసు మీదపడ్డాకే వస్తుందన్న నమ్మకమూ నిలవలేదు. ఫుట్‌బాల్ వంటి ఢీకొట్టే ఆటలు ఆడి 30 ఏళ్లలోపే చనిపోయిన 152 మంది మెదళ్లపై 2023లో ఫలితాలు వచ్చాయి. 63 మందిలో సీటీఈ ఉంది. ఇవి కూడా దానంగా వచ్చిన మెదళ్లేనని గుర్తుంచుకోవాలి.

ఎన్ని కంకషన్లయితే ప్రమాదం?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. కానీ లెక్కపెట్టాల్సింది కంకషన్లను కాదని పరిశోధనలు చెబుతున్నాయి.

తల తిరగకపోయినా, నొప్పి తెలియకపోయినా, మెదడును కుదిపే చిన్న దెబ్బలు ఒక్కో సీజన్‌లో వందల్లో తగులుతాయి. 631 మంది ఆటగాళ్ల మెదళ్లను పరిశీలించిన 2023 నాటి అధ్యయనం ప్రకారం, సీటీఈ ముప్పును చెప్పేది నిర్ధారణ అయిన కంకషన్ల సంఖ్య కాదు. ఆడిన ఏళ్లన్నిటిలో తల మీద పడిన దెబ్బల మొత్తం భారమే. అంతకుముందు 266 మందిపై జరిగిన మరో అధ్యయనంలో, ట్యాకిల్ ఫుట్‌బాల్ ఆడిన ప్రతి అదనపు ఏడాదికీ సీటీఈ అవకాశం 30 శాతం చొప్పున పెరుగుతున్నట్టు తేలింది.

అంటే 'మావాడికి ఒక్క కంకషన్ కూడా కాలేదు' అన్న మాట పూర్తి భరోసా కాదు. ఎన్నేళ్లు ఆడాడు, వారానికి ఎన్నిసార్లు ఢీకొట్టే ప్రాక్టీసు చేశాడు అన్నవే అసలు ప్రశ్నలు.

ఇందులో ఒక ఊరట కూడా ఉంది. దెబ్బల భారాన్ని తగ్గించడం మన చేతిలో ఉన్న పని. ఆరు అమెరికన్ యూనివర్సిటీల ఆటగాళ్లపై 2021లో వచ్చిన అధ్యయనంలో, కంకషన్లలో 72 శాతం మ్యాచ్‌లలో కాక ప్రాక్టీసులోనే జరిగినట్టు తేలింది. ప్రాక్టీసు పద్ధతి మారిస్తే ఆటకు నష్టం లేకుండానే దెబ్బలు తగ్గుతాయి. కాలిఫోర్నియా 2014లోనే చట్టం చేసి, సీజన్‌లో హైస్కూల్ జట్ల పూర్తిస్థాయి ఢీకొట్టే ప్రాక్టీసును వారానికి రెండుసార్లకు, ఒక్కోసారి 90 నిమిషాలకు పరిమితం చేసింది.

పరిహారం ఎవరికి?

2011 నుంచి మాజీ ఆటగాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌పై కేసులు వేయడం మొదలుపెట్టారు. ముప్పు తెలిసీ దాచిపెట్టారన్నది వారి ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే లీగ్ 2013లో 76.5 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. ఆ మొత్తం చాలదేమోనని జడ్జి అనీటా బ్రాడీ సందేహించడంతో గరిష్ఠ పరిమితిని ఎత్తేశారు. 2015 ఏప్రిల్ 22న తుది ఆమోదం లభించి, 2017 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 65 ఏళ్లపాటు నడిచే ఈ పథకం కింద ఇప్పటికే 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లించారు.

గరిష్ఠ పరిహారం ఇలా ఉంది:

- ఏఎల్ఎస్: 50 లక్షల డాలర్లు
- సీటీఈతో మరణం: 40 లక్షలు
- అల్జీమర్స్, పార్కిన్సన్స్: 35 లక్షల చొప్పున
- మధ్యస్థ డిమెన్షియా: 30 లక్షలు
- తొలి దశ డిమెన్షియా: 15 లక్షలు

ఇవి పైపరిమితులు మాత్రమే. జబ్బు బయటపడిన వయసు పెరిగేకొద్దీ, ఐదు సీజన్లకన్నా తక్కువ ఆడితే, మొత్తం తగ్గుతుంది.

పరిమితులు ఇంకా ఉన్నాయి. 2014 జులై 7 నాటికి రిటైరైనవారే అర్హులు. వారు 2017 ఆగస్టు 7లోగా పేరు నమోదు చేసుకుని ఉండాలి. సీటీఈ పరిహారం 2015 ఏప్రిల్ 22కి ముందు చనిపోయినవారి కుటుంబాలకే. కుంగుబాటు, ప్రవర్తనలో మార్పు వంటివాటికి విడిగా పరిహారం లేదు. కుటుంబాలు రోజూ ఇంట్లో చూసే బాధల్లో ఎక్కువభాగం ఇవే.

మరో వివాదం నల్లజాతి ఆటగాళ్లది. వారి మేధాశక్తి మొదటి నుంచీ తక్కువే ఉంటుందన్న లెక్కతో పరీక్ష మార్కులను సవరించేవారు. అంటే అదే మార్కులు వచ్చిన శ్వేతజాతి ఆటగాడికి డిమెన్షియా ఉన్నట్టు, నల్లజాతి ఆటగాడికి లేనట్టు తేలే అవకాశం ఉండేది. ఇద్దరు మాజీ ఆటగాళ్లు, కెవిన్ హెన్రీ, నాజే డావెన్‌పోర్ట్ 2020లో దీనిపై కోర్టుకెక్కారు. 2022లో ఆ పద్ధతిని కోర్టు ఆమోదంతో తొలగించారు.

కాలేజీ ఆటగాళ్లకు పరిహారం కాదు, వైద్య పరీక్షల సదుపాయం ఉంది. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏతో కుదిరిన 7.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి 2019లో తుది ఆమోదం వచ్చింది. స్కూలు స్థాయిలో ఆడి మానేసినవారు ఈ రెండు ఒప్పందాల్లోకీ రారు. అందుకే పిల్లల విషయంలో ముందు జాగ్రత్తే అసలైన రక్షణ.

స్కూలు పిల్లలకు చట్టం ఏం చెబుతోంది?

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెట్ తలకు దెబ్బ తగిలినా, కొద్దిసేపటికే మళ్లీ మైదానంలోకి దిగాడు. ఆట ముగిసేసరికి కుప్పకూలాడు. ప్రాణాలతో బయటపడినా శాశ్వత వైకల్యం మిగిలింది. అతని పేరుమీద 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. చాలావాటిలో మూడు సూత్రాలు ఉంటాయి:

1. కంకషన్ గురించి ఆటగాళ్లకు, తల్లిదండ్రులకు, కోచ్‌లకు ముందే చెప్పాలి.
2. అనుమానం వచ్చిన వెంటనే ఆట నుంచి తప్పించాలి.
3. అర్హత ఉన్న వైద్య నిపుణుడు అనుమతిస్తేనే మళ్లీ ఆడించాలి.

టెక్సస్‌లో 2011 చట్టం ప్రకారం మళ్లీ ఆడొచ్చని చెప్పే అధికారం కోచ్‌కు లేదు. విద్యార్థి గానీ, తల్లిదండ్రులు గానీ ఎంచుకున్న వైద్యుడు రాతపూర్వకంగా ఇవ్వాలి. తల్లిదండ్రులూ సంతకం చేయాలి. 'కీలకమైన మ్యాచ్ ఉంది, ఈ ఒక్కసారికి' అని ఎవరైనా అడిగితే, 'కుదరదు' అనే హక్కు మీకుంది.

దెబ్బ తగిలితే వెంటనే ఏం చేయాలి?

ఆట ఆపించాలి. అదే రోజు మళ్లీ దించకూడదు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండోది తగిలితే మెదడు వేగంగా ఉబ్బే ప్రమాదం ఉంది. ఇది అరుదే అయినా, ఎక్కువగా టీనేజ్ పిల్లల్లోనే కనిపించింది, ప్రాణాంతకం కూడా.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా అత్యవసర వైద్యం కావాలి. అమెరికాలో 911కు, మన దగ్గర 108కు ఫోన్ చేయాలి:

- అంతకంతకూ పెరిగే తలనొప్పి
- పదేపదే వాంతులు
- ఫిట్స్
- మాట తడబడటం, చేయీ కాలూ బలహీనపడటం, తిమ్మిరి
- ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దగా కనిపించడం
- లేపినా లేవలేనంత మత్తు, మనుషులను గుర్తుపట్టలేకపోవడం

తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని మన ఇళ్లలో పెద్దలు అంటారు. వైద్యుడు పరీక్షించి ప్రమాదం లేదన్నాక నిద్ర మెదడుకు మేలే చేస్తుంది. తొలి 24 నుంచి 48 గంటలు తేలికపాటి విశ్రాంతి, ఫోన్, టీవీ వాడకం తగ్గించడం మంచిది. రోజుల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టమని ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. నెమ్మదిగా నడక, తర్వాత చదువు, ఆపైన ఆట. ఆటలోకి తిరిగి వెళ్లడం ఆరు మెట్లలో జరగాలి. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. ఢీకొట్టే ప్రాక్టీసు వైద్యుడి అనుమతి తర్వాతే.

గతంలో ఆడినవాళ్లు భయపడాలా?

భయం కూడా హాని చేస్తుంది. 1,980 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లతో జరిపిన సర్వే ఫలితాలు 2024లో వచ్చాయి. వారిలో మూడోవంతు మంది తమకు సీటీఈ ఉందని నమ్ముతున్నారు. అలా నమ్మేవారిలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా ఉన్నాయి. అయితే మతిమరుపు, చిరాకు, కుంగుబాటుకు కారణం ప్రతిసారీ సీటీఈయే కాదు. నిద్రలో శ్వాస ఆగే స్లీప్ ఆప్నియా, డిప్రెషన్, దీర్ఘకాలపు నొప్పి, బీపీ కూడా కావచ్చు. వీటన్నిటికీ చికిత్స ఉంది. 'ఇక ఏం చేయలేం' అనుకుని ఇంట్లో కూర్చోకుండా న్యూరాలజిస్టును కలవాలి.

మనసు మరీ కుంగిపోతుంటే ఒంటరిగా ఉండొద్దు. భారత్‌లో టెలీ మానస్ నంబరు 14416కు, అమెరికాలో 988కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు. సేవలు ఉచితం.

మరి మన ఫుట్‌బాల్ సంగతి?

సాకర్‌లోనూ ప్రశ్నలున్నాయి. స్కాట్లాండ్‌లో 7,676 మంది మాజీ వృత్తి ఆటగాళ్లపై 2019లో వచ్చిన అధ్యయనంలో, మెదడు క్షీణించే జబ్బులతో మరణించే ముప్పు సాధారణ ప్రజల కన్నా మూడున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. బంతిని తలతో కొట్టే 'హెడింగ్'పై అనుమానాలు బలపడ్డాయి. అమెరికా సాకర్ సమాఖ్య 2015లోనే పదేళ్లలోపు పిల్లలకు హెడింగ్ వద్దంది. మన పిల్లలకు నేర్పే కోచ్‌లు కూడా పాటించదగ్గ జాగ్రత్త ఇది.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఆట మాన్పించడం ఒక్కటే మార్గం కాదు. ఆట ఇచ్చే ఆరోగ్యం, స్నేహాలు, క్రమశిక్షణ కూడా నిజమే. ఢీకొట్టడం లేకుండా నడుముకు కట్టిన రిబ్బన్ లాగే 'ఫ్లాగ్ ఫుట్‌బాల్' ఉంది. అది 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ ఉంటుంది. చిన్న వయసులో అది ఆడించి, ట్యాకిల్ సంగతి పెద్దయ్యాక చూడొచ్చు.

ట్యాకిలే ఆడిస్తామంటే కోచ్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి. వారానికి ఎన్ని నిమిషాలు ఢీకొట్టే ప్రాక్టీసు ఉంటుంది? మ్యాచ్‌లో శిక్షణ పొందిన అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా? దెబ్బ తగిలితే ఆట ఆపే నిర్ణయం ఎవరిది? తిరిగి దించడానికి ఎవరి సంతకం కావాలి? స్పష్టమైన సమాధానాలు వచ్చాకే ఫారం మీద మీ సంతకం పెట్టండి.